పొటాషియం తక్కువ వచ్చిందా? ఈటింగ్ డిజార్డర్ అనుమానం ఉన్నప్పుడు రిపోర్టు దగ్గర్నుంచి కోలుకునేదాకా ఏం చేయాలి

పొటాషియం తక్కువని రిపోర్టు రాగానే చాలామంది చేసే మొదటి పని అరటిపండ్లు తెప్పించడం. నిజానికి తిండిలో పొటాషియం చాలక రక్తంలో తగ్గిపోవడం అంత తరచుగా జరగదు. కిడ్నీలు బాగున్న మనిషిలో లోటు మొదలవగానే అవి మూత్రంలోకి పోయే పొటాషియాన్ని బాగా తగ్గించేస్తాయి. అయినా విలువ పడిపోయిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఆ చోటు కనుక్కోకుండా పండ్లు పెట్టడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

వయసులో ఉండి, బీపీ మందులేవీ వాడకుండా, ఈ లోటు మళ్లీ మళ్లీ వస్తున్నవాళ్లలో వెతకాల్సిన కారణాల్లో ఈటింగ్ డిజార్డర్ (తిండి, బరువు చుట్టూ తిరిగే మానసిక జబ్బు) ముందు వరసలో ఉంటుంది. తిన్నది కావాలని వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు మింగడం, ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడడం. మూడింటిలో ఏదైనా కావచ్చు, రెండు మూడు కలిసీ ఉండొచ్చు. మనిషి చూడ్డానికి సన్నగా ఉండాలనేం లేదు. బులీమియా (అదుపు లేకుండా తినేసి, వాంతితోనో మాత్రలతోనో వదిలించుకునే జబ్బు) ఉన్నవాళ్లలో ఎక్కువమంది బరువు మామూలుగానే ఉంటుంది, అందుకే ఇంట్లోవాళ్లకు ఏళ్ల తరబడి తెలియదు.

కింద చెప్పేది రిపోర్టు చేతిలో ఉన్న మనిషికీ, ఆ మనిషిని చూసుకునేవాళ్లకీ పనికొచ్చేలా వరసగా రాశాం.

1. ముందు ఇది ఎమర్జెన్సీయా కాదా తేల్చండి

కళ్లు తిరిగి పడిపోవడం, గుండె లయ తప్పి కొట్టుకుంటున్నట్టు అనిపించడం, ఛాతీలో నొప్పి, కుర్చీలోంచి లేవలేనంతగా కాళ్లు బలహీనపడడం, ఊపిరి అందకపోవడం, ఫిట్స్ రావడం. వీటిలో ఒక్కటి కనిపించినా రిపోర్టు కోసం ఆగకుండా అంబులెన్సు పిలవండి. ఆ మనిషి తనే బండి నడుపుకుంటూ వెళ్లకూడదు.

లక్షణాలేవీ లేకపోతే అంకె చూడండి. మామూలు విలువ లీటరుకు 3.5 నుంచి 5.0 మిల్లీమోల్స్. కొన్ని ల్యాబులు మిల్లీ ఈక్వివలెంట్ అని రాస్తాయి, పొటాషియం విషయంలో రెండూ ఒకటే.

2.5 కంటే తక్కువైతే మనిషి నవ్వుతూ తిరుగుతున్నా సరే, వెంటనే ఆసుపత్రి. 2.5 నుంచి 3.0 మధ్య ఉంటే అదే రోజు డాక్టరు, అదే రోజు ఈసీజీ. 3.0 నుంచి 3.5 మధ్య ఉంటే ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవచ్చు, కానీ వాంతులు, మాత్రలు ఇంకా సాగుతుంటే ఆ గడువు కూడా తీసుకోకండి. 3.2 అనేది నిలబడి ఉన్న అంకె కాదు, దిగుతున్న మెట్టు.

"నాకేం కాలేదు, బాగానే ఉన్నాను కదా" అన్న మాటను నమ్మొద్దు. ఆ మాట అబద్ధమని కాదు. నెలల తరబడి మెల్లగా తగ్గితే ఒళ్లు సర్దుకుంటుంది. నీరసం, పిక్కలు పట్టేయడం, మలబద్ధకం, తరచుగా మూత్రం రావడం, విపరీతమైన దాహం లాంటివన్నీ అలవాటైపోతాయి. గుండె లయ మాత్రం అలా సర్దుకోదు, ముందుగా చెప్పకుండానే తప్పొచ్చు.

2. పొటాషియం ఒక్కదాన్నే కాదు, పక్క వరసలు కూడా చదవండి

సీరం ఎలక్ట్రోలైట్స్ రిపోర్టు ఒకటి ఇలా ఉందనుకోండి: సోడియం 137, పొటాషియం 2.8, క్లోరైడ్ 86, బైకార్బొనేట్ 36. సోడియం మామూలే. క్లోరైడ్ ఉండాల్సింది సుమారు 98 నుంచి 106, బాగా పడిపోయింది. బైకార్బొనేట్ అంటే రక్తంలోని క్షారం, ఉండాల్సింది 22 నుంచి 28 దాకా, బాగా పెరిగింది. కడుపులో ఉండే ఆమ్లం హైడ్రోక్లోరిక్ యాసిడ్. అది బయటికి పోతే క్లోరైడ్ పోతుంది, రక్తంలో క్షారం మిగిలిపోతుంది. అంటే ఈ నాలుగు అంకెలు కలిసి 'వాంతులు' అంటున్నాయి. పొటాషియం ఒక్కటే చూసినవాళ్లకు ఇది కనబడదు.

నీరు తీసే మాత్రలు వాడినా రక్తం రిపోర్టు దాదాపు ఇలాగే ఉంటుంది. తేడా మూత్రంలో తెలుస్తుంది. వాంతులైతే మూత్రంలో క్లోరైడ్ సాధారణంగా లీటరుకు 20 మిల్లీమోల్స్ లోపే ఉంటుంది. ఈ మధ్యే నీరు తీసే మాత్ర వేసుకుని ఉంటే ఎక్కువ కనిపిస్తుంది. విరేచనాలు ఎక్కువైతే మామూలుగా బైకార్బొనేట్ తగ్గాలి, కానీ విరేచనాల మాత్రలు చాలాకాలం వాడినవాళ్లలో ఎటైనా పోవచ్చు.

రక్తం తీసేటప్పుడు ఒక జాగ్రత్త. చేతికి పట్టీ బిగించి పిడికిలి పదే పదే బిగించి వదిలితే కండరాల్లోంచి పొటాషియం రక్తంలోకి వచ్చి అంకె ఎక్కువ చూపిస్తుంది. శాంపిల్‌లో ఎర్ర కణాలు చితికినా అంతే. 3.0 ఉన్న మనిషికి 3.6 అని వచ్చి, అంతా బాగుందని ఇంటికి పంపేసే ప్రమాదం ఉంది. పిడికిలి బిగించకుండా చేయి వదులుగా ఉంచండి. రిపోర్టు మీద 'హీమోలైజ్డ్' (ఎర్ర కణాలు చితికాయి) అని ఉంటే మళ్లీ తీయించండి.

పొటాషియం మామూలుగా వస్తే ఈటింగ్ డిజార్డర్ లేనట్టు కాదని కూడా గుర్తుంచుకోండి. వాంతులు, మాత్రలు లేకుండా కేవలం తిండి మానేసినవాళ్లలో ఈ అంకె చాలాసార్లు చక్కగానే ఉంటుంది.

3. ఎక్కడ కారుతోందో అర్థం చేసుకోండి

వాంతి నీళ్లలో పొటాషియం ఎక్కువ ఉండదు, లీటరుకు 5 నుంచి 10 మిల్లీమోల్స్ మాత్రమే. మరి అంత లోటు ఎలా వస్తుంది? అసలు నష్టం బాత్‌రూమ్ సింకులో కాదు, కిడ్నీలో జరుగుతుంది. వాంతితో ఆమ్లం, నీరు పోతాయి. రక్తంలో మిగిలిపోయిన బైకార్బొనేట్‌ను కిడ్నీ బయటికి తోసేటప్పుడు దానికి జతగా పొటాషియం కూడా పోతుంది. ఒంట్లో నీరు తగ్గడం వల్ల ఆల్డోస్టెరోన్ అనే హార్మోన్ పెరుగుతుంది. అది సోడియాన్ని, నీటిని పట్టి ఉంచమంటుంది, అందుకు బదులుగా పొటాషియాన్ని వదిలేయిస్తుంది. చివరి వాంతి అయిపోయిన గంటల తర్వాత కూడా ఈ కారుడు ఆగదు. అందుకే వాంతి అవగానే ఒక పండు తినేసి సరిచేసుకున్నామనుకోవడం కుదరదు.

విరేచనాల మాత్రలతో నేరుగా మలంలోనే పొటాషియం పోతుంది. ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. తిన్నదాని శక్తిలో ఎక్కువ భాగం చిన్న పేగులోనే ఒంటికి పట్టేస్తుంది. ఈ మాత్రలు ముఖ్యంగా పని చేసేది పెద్ద పేగు మీద. బరువు తూచుకుంటే తగ్గినట్టు కనబడేది నీరు, దాంతోపాటు పోయేది ఉప్పులు. కొవ్వు కాదు.

ఇంకో అంకె చూడండి. ఒంట్లోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది, రక్తంలో కొలిచేది మిగిలిన పిసరంత. రక్తంలో 3.0కి వచ్చేసరికి ఒంట్లో మొత్తం లోటు 200 నుంచి 400 మిల్లీమోల్స్ దాకా ఉండొచ్చు. ఒక మోస్తరు అరటిపండులో ఉండేది సుమారు 10. పైగా పండ్లలో పొటాషియానికి జతగా ఉండేది క్లోరైడ్ కాదు. వాంతుల వల్ల వచ్చిన లోటులో క్లోరైడ్ కూడా భర్తీ కాకపోతే కిడ్నీ పొటాషియాన్ని సరిగా నిలుపుకోలేదు. డాక్టర్లు పొటాషియం క్లోరైడ్ రాసేది అందుకే.

4. అడగండి, కానీ పట్టుకున్నట్టు కాదు

గమనించాల్సిన గుర్తులు కొన్ని: తినగానే బాత్‌రూమ్‌కి వెళ్లి కుళాయి వదిలిపెట్టడం, చెవుల కింద దవడ దగ్గర రెండు పక్కలా నొప్పి లేని వాపు, పై పళ్ల లోపలి వైపు ఎనామిల్ అరిగిపోవడం, చేతి వేళ్ల కణుపుల మీద గట్టిపడిన మచ్చలు. ఈ చివరి గుర్తుకు 1979లో బులీమియాను వర్ణించిన బ్రిటిష్ సైకియాట్రిస్టు జెరాల్డ్ రసెల్ పేరే పెట్టారు. ఇవేవీ లేకపోయినా జబ్బు ఉండొచ్చు.

అడిగేటప్పుడు భోజనాల దగ్గర వద్దు, నలుగురిలో వద్దు. బరువు గురించి, ఒంటి గురించి ఒక్క మాట కూడా వద్దు. "చిక్కిపోయావు" అన్నది కొందరికి మెచ్చుకోలులా వినిపిస్తుంది, "కాస్త ఒళ్లు చేశావు, బాగున్నావు" అన్నది ఆ రోజు తిండిని మాన్పిస్తుంది. రిపోర్టు నుంచే మొదలుపెట్టండి: "నీ పొటాషియం 2.9 వచ్చింది. ఇది గుండెకు ఇబ్బంది. తిన్నాక వాంతి చేసుకుంటున్నావా, ఏవైనా మాత్రలు వేసుకుంటున్నావా? ఏదైనా సరే కోప్పడను. డాక్టరుకి సరిగ్గా చెప్పడానికే అడుగుతున్నా." కాదంటే వాదించకండి. చెప్పకపోయినా పరీక్షలు, ఈసీజీ మాత్రం వాయిదా వేయనివ్వకండి.

ఈ జబ్బు ఉన్నది మీకే అయితే, కనీసం డాక్టరుకి నిజం చెప్పండి. ఎందుకో ఒక ఉదాహరణ. వాంతులవుతున్నాయని మాత్రమే చెబితే చాలాచోట్ల ఆన్‌డాన్‌సెట్రాన్ లేదా డోంపెరిడోన్ రాసిస్తారు. ఈ రెండూ ఈసీజీలో క్యూటీ అనే వ్యవధిని (గుండె ఒకసారి కొట్టుకుని, మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయాన్ని) పెంచగలవు. పొటాషియం తక్కువున్నప్పుడు ఆ వ్యవధి ముందే పెరిగి ఉంటుంది. రెండూ కలిస్తే ప్రాణాంతకమైన లయ తప్పిదం రావచ్చు. అజిత్రోమైసిన్, సిటాలోప్రామ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. డిప్రెషన్‌కు వాడే బ్యుప్రోపియాన్ బులీమియా, అనొరెక్సియా (బరువు పెరుగుతామన్న భయంతో తిండి మానేసే జబ్బు) ఉన్నవాళ్లకు అసలు ఇవ్వకూడదు, ఫిట్స్ వచ్చే ముప్పు ఎక్కువ.

5. డాక్టరు దగ్గర ఈ పరీక్షలు అయ్యాయో లేదో చూసుకోండి

ఈసీజీ, ఎలక్ట్రోలైట్స్‌తో పాటు మెగ్నీషియం, ఫాస్ఫేట్, క్రియాటినిన్, గ్లూకోజ్. అవసరమైతే మూత్రంలో పొటాషియం, క్లోరైడ్.

మెగ్నీషియాన్ని చాలామంది మర్చిపోతారు. అది తక్కువగా ఉంటే కిడ్నీలో పొటాషియం బయటికి పోయే దారులు తెరుచుకునే ఉంటాయి. ఎంత పొటాషియం ఇచ్చినా అంకె పైకి రాదు. వారం రోజులు మందు సరిగ్గా వేసుకున్నా 3.0 దగ్గరే ఆగిపోయిందంటే మొదట వెతకాల్సినవి రెండు: మెగ్నీషియం లోటు, ఇంకా ఆగని వాంతులు. ఎసిడిటీకి ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ లాంటివి ఏళ్ల తరబడి వాడుతున్నా మెగ్నీషియం తగ్గొచ్చు.

ఇప్పుడు వాడుతున్నవన్నీ ఒక సంచీలో వేసి తీసుకెళ్లండి. ఆస్తమాకు పీల్చే సాల్బుటమాల్ పొటాషియాన్ని కణాల్లోకి తోసి రక్తంలో తగ్గిస్తుంది. అతిమధురం ఎక్కువగా వాడితే కిడ్నీ ద్వారా పోతుంది. బరువు తగ్గిస్తాయని అమ్మే మూలికల పొడుల్లో, 'డిటాక్స్' టీల్లో చాలావాటిలో ఉండేది విరేచనాల మందే.

6. పొటాషియం మందు వేసుకునే పద్ధతి

డోసు డాక్టరే నిర్ణయించాలి. కిడ్నీ దెబ్బతిని ఉంటే, లేదా కొన్ని రకాల బీపీ మందులు వాడుతుంటే పొటాషియం ఎక్కువైపోతుంది. ఎక్కువైనా గుండె ఆగిపోవచ్చు. సోడియం తక్కువని అమ్మే ప్రత్యామ్నాయ ఉప్పులో ఉండేది ఎక్కువగా పొటాషియం క్లోరైడే, దాన్ని సొంత వైద్యంగా చెంచాలతో తినకండి.

సాధారణంగా ఒక్కో డోసు 20 మిల్లీమోల్స్ ఉంటుంది, రోజుకు మొత్తం 40 నుంచి 80 దాకా విడతలుగా ఇస్తారు. ద్రవం రూపంలో ఇస్తే రుచి ఘోరంగా, ఉప్పుగా చేదుగా ఉంటుంది. అరగ్లాసుకు తక్కువ కాకుండా చల్లటి నీళ్లలోనో పండ్లరసంలోనో కలిపి, తిన్న తర్వాత, 5 నుంచి 10 నిమిషాల పాటు మెల్లగా గుటకలు వేయాలి. ఒక్క గుక్కలో తాగితే కడుపు మండి వాంతి వస్తుంది. వాంతి అలవాటున్న మనిషికి అది కొత్త సాకు అవుతుంది. సీసా మీది బలం చూడండి, అన్ని కంపెనీలదీ ఒకటి కాదు.

నెమ్మదిగా కరిగే మాత్రలైతే నమలకూడదు, పొడి చేయకూడదు. నిండు గ్లాసు నీళ్లతో, కూర్చుని లేదా నిలబడి మింగాలి, కనీసం అరగంట పడుకోకూడదు. మాత్ర గొంతు కింద ఇరుక్కుంటే ఆహారనాళంలో పుండు పడుతుంది. వాంతుల వల్ల అక్కడ ముందే పాడై ఉన్నవాళ్లకు ద్రవమే మేలు. మలంలో మాత్ర ఆకారం కనిపిస్తే కంగారు పడకండి, కొన్ని రకాల్లో మందు కరిగిపోయి ఖాళీ డొల్ల అలా బయటికి వస్తుంది.

రోజులో వాంతి చేసుకోవాలనిపించే ఒత్తిడి ఎప్పుడు తక్కువగా ఉంటుందో చూసుకుని ఆ సమయానికి డోసు పెట్టుకోండి. మందు వేసుకున్న కాసేపటికే వాంతి అయితే మళ్లీ సొంతంగా వేసుకోకండి. టైము రాసిపెట్టి డాక్టరుని అడగండి.

ఆసుపత్రిలో డ్రిప్‌లో ఎక్కిస్తే చేతి నరం మండుతుంది, గంటకు సుమారు 10 మిల్లీమోల్స్ కంటే వేగం మామూలు వార్డులో పెంచరు. "త్వరగా ఎక్కించండి" అని ఒత్తిడి చేయకండి. వేగం ఎక్కువైతే గుండె ఆగిపోవచ్చు. మొదట్లో గ్లూకోజ్ సెలైన్ బదులు ఉప్పు సెలైన్‌లో కలిపి ఇవ్వడానికీ కారణముంది. గ్లూకోజ్ వల్ల ఇన్సులిన్ పెరుగుతుంది, అది ఉన్న కాస్త పొటాషియాన్నీ కణాల్లోకి లాగేస్తుంది. నీరసంగా ఉందని ఎక్కడపడితే అక్కడ గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకోవడం వీళ్లకు ప్రమాదమయ్యేది ఇందుకే.

7. వాంతులు ఆపాక వచ్చే వాపుకు బెదరకండి

చాలామంది వెనక్కి జారిపోయేది ఇక్కడే. వాంతులు, మాత్రలు ఒక్కసారి ఆపేస్తే రెండు మూడు రోజుల్లో పాదాలు, ముఖం ఉబ్బి, బరువు గబగబా పెరగొచ్చు. అది కొవ్వు కాదు. ఆల్డోస్టెరోన్ ఇంకా ఎక్కువగానే ఉండి ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుంది. అది దిగడానికి సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుంది. సెలైన్ వేగంగా ఎక్కిస్తే వాపు ఇంకా ఎక్కువవుతుంది.

ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. ఆ వారాల్లో బరువు యంత్రాన్ని కనబడకుండా పెట్టండి. పడుకున్నప్పుడు కాళ్ల కింద దిండు పెట్టుకోవచ్చు. వాపు తగ్గాలని నీరు తీసే మాత్రలు సొంతంగా వేసుకుంటే మొత్తం కథ మళ్లీ మొదటికొస్తుంది. వాపు ఎక్కువగా ఉంటే డాక్టర్లు కొన్నాళ్లు స్పైరోనోలాక్టోన్ ఇస్తారు. అది ఆల్డోస్టెరోన్‌ను అడ్డుకుంటుంది, పొటాషియాన్ని నిలుపుతుంది. అందుకే దాన్ని మొదలుపెట్టిన రోజు పాత పొటాషియం డోసు తగ్గించాలేమో తప్పకుండా అడగండి.

విరేచనాల మాత్రలు మానితే కొన్ని వారాలు మలబద్ధకం ఉంటుంది. పేగును ప్రేరేపించని లాక్టులోజ్ లాంటి మందు డాక్టరు సూచించగలరు.

8. చాలా రోజులు తినకుండా ఉంటే ఒక్కసారిగా పెట్టకండి

ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినని మనిషికి, లేదా తక్కువ కాలంలో బాగా చిక్కిపోయిన మనిషికి, ప్రేమ కొద్దీ కడుపు నిండా పెట్టడం ప్రమాదం. పిండి పదార్థాలు లోపలికి వెళ్లగానే ఇన్సులిన్ పెరిగి పొటాషియం, మెగ్నీషియం, ముఖ్యంగా ఫాస్ఫేట్ కణాల్లోకి వెళ్లిపోతాయి. రక్తంలో అంకెలు గంటల్లో పడిపోతాయి. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో ఆకలితో అలమటించిన ఖైదీలు విడుదలయ్యాక, తిండి దొరికాక చనిపోవడం చూసి వైద్యులు దీన్ని గుర్తించారు.

అందుకని ఇలాంటివాళ్లకు తిండి డాక్టరు, డైటీషియన్ వేసిన ప్రణాళిక ప్రకారమే పెంచాలి. ముందుగా థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలి, మొదటి కొన్ని రోజులు రోజూ రక్తపరీక్ష చేయాలి. ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఇది ఆసుపత్రిలోనే జరగాలి. తినడం మొదలుపెట్టాక ఆయాసం, తికమక మాటలు, ఒంటి వాపు, గుండె దడ కనిపిస్తే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

9. ఇంటికొచ్చాక

అంకె నిలబడేదాకా జిమ్, పరుగు, బరువులెత్తడం ఆపేయాలి. వాంతి అయితే వెంటనే బ్రష్ చేయకండి. ఆమ్లంతో మెత్తబడిన ఎనామిల్ బ్రష్‌కు రాలిపోతుంది. నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగండి.

పొటాషియం సరైందంటే జబ్బు నయమైనట్టు కాదు. బులీమియాకు పెద్దవాళ్లలో బాగా పనిచేసేది ఈటింగ్ డిజార్డర్ల కోసం మలిచిన సీబీటీ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స), మామూలుగా 20 సెషన్ల దాకా ఉంటుంది. టీనేజ్ పిల్లలకైతే కుటుంబాన్ని కలుపుకొని చేసే థెరపీ. ఫ్లూఓక్సెటిన్ మందు కొందరికి తోడుగా ఉపయోగపడుతుంది. ఫిజీషియన్ దగ్గర మందు తీసుకున్న రోజే సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ కూడా తీసుకోండి. రెండు వారాల తర్వాత చూద్దామంటే ఆ రెండు వారాలూ కుండ కారుతూనే ఉంటుంది.

ఒక నోట్‌బుక్‌లో ప్రతి పరీక్షకూ ఐదు గడులు గీయండి: తేదీ, పొటాషియం, బైకార్బొనేట్, మెగ్నీషియం, ఆ రోజు వేసుకున్న డోసు. బరువుకు గడి వద్దు. మాత్రలు వేసుకుంటున్నప్పుడు పొటాషియం 3.8 అని చక్కగా కనబడుతూ, బైకార్బొనేట్ మాత్రం 28, 31, 34 అని ఎక్కుతూ పోతుంటే వాంతులు మళ్లీ మొదలై ఉండొచ్చు. మందు వల్ల పొటాషియం అంకె దాన్ని కప్పిపుచ్చుతోంది. అప్పుడు గొడవ పడకుండా ఆ పేజీ తెరిచి డాక్టరు ముందు పెట్టండి, డోసు తగ్గించే మాట వాయిదా వేయించండి, తర్వాతి థెరపీ సెషన్‌ను ముందుకు జరిపించండి.